క్లచ్ మీద చెయ్యి

పోయిన వారం మీరు నన్ను మా షెడ్డులో వదిలి వెళ్ళారు. నా అరచెయ్యి లేత్ మిషన్ మీద ఉంది. ఎదురుగా హెందార్తో అనే పెద్దమనిషి నిలబడి, "ఈ సంగతి మీ ఆయనక్కూడా చెప్పనని మాటివ్వు" అంటున్నాడు. ఇచ్చాను. బదులుగా అతనూ ఒక మాట ఇచ్చాడు. మా ఆయన పేరు సంఘంలోంచి కొట్టేసే తీర్మానం ఆదివారం సమావేశానికి రాదన్నాడు, ఆ కాగితం తన సొరుగులోనే పడి ఉంటుందన్నాడు. ఆ మాట కోసమే అతని స్కూటర్‌కి సెల్ఫ్ బిగించాను, ఎవరికీ కనబడకుండా.

ఇప్పుడే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నేను లస్మిని. మలాంగ్‌లో, బ్లింబింగ్ రైలు గేటు పక్కన మా షెడ్డు. యాభై అరవై ఏళ్ళ నాటి వెస్పాలకి బటన్ నొక్కితే స్టార్టయ్యే ఏర్పాటు చేస్తాను. ఫ్లైవీల్ చుట్టూ తొడిగే పళ్ళ చక్రాన్ని ఈ ఊళ్ళో తిన్నగా కోసేది నేనొక్కదాన్నే. గొప్ప కోసం అనడం లేదు, మిగతావాళ్ళు కోసిన చక్రాలు చివరికి నా దగ్గరికే వస్తాయి. హెందార్తో పాత స్కూటర్ల సంఘానికి అధ్యక్షుడు. పాత బండిని కాలితో తన్నే లేపాలని ఆ సంఘం నియమం. బటన్ పెట్టించుకున్నవాడు పావడా కట్టుకోవాలని మైకు పట్టుకుని నవ్వే మనిషి అతను.

మా ఆయన కుంచోరో సైన్‌బోర్డులు రాస్తారు. ఆ సంఘం పెట్టిన నలుగురిలో ఒకరు, ఆయన నంబరు మూడు. నాలుగేళ్ళ కిందట చెరకు లారీ గుద్ది కుడి మోకాలు పోయింది. లోపల ఇనుప కడ్డీ ఉంది, కాలు మడత పడదు. రెండేళ్ళు ఇంట్లో కుర్చీలో కూర్చుని గోడకేసి చూశారు. ఆకలి లేదు, మాట లేదు, కుంచె ముట్టుకున్నది లేదు. ఆయన వెస్పాకి నేను సెల్ఫ్ బిగించిన రోజున లేచి చొక్కా తొడుక్కున్నారు. ఆదివారం పొద్దున్నే సంఘం వాళ్ళతో కలిసి కొండ దాకా బండి తోలి రావడం ఒక్కటే ఆయన్ని బయటికి లాగింది. ఆ నంబరు పోతే ఆయన మళ్ళీ ఆ కుర్చీలోకే వెళతారు. హెందార్తో ముందు నేను తల వంచింది అందుకు.

ఇక ఆదివారం సంగతి.

ఎనిమిదిన్నరకల్లా బ్యాడ్మింటన్ హాలు ముందు ఆవరణలో ఇరవై ఆరు వెస్పాలు వరసగా నిలబడ్డాయి. మగాళ్ళందరూ చలికి జాకెట్లలో ముడుచుకుని, లవంగం సిగరెట్లు కాలుస్తూ, వేడి మెంజెస్ బజ్జీలు పచ్చిమిరపకాయతో కొరుక్కుంటూ ఒకరి బండి చుట్టూ ఒకరు తిరుగుతున్నారు. వీళ్ళ గురించి నన్నడగండి. "నట్టుతో సహా ఒరిజినల్" అంటాడొకడు. ఆ నట్టు నా లేత్ మీద పుట్టింది, పోయిన రంజాన్ నెలలో. "రంగు ఫ్యాక్టరీదే, ఒక్క చోట కూడా ముట్టుకోలేదు" అంటాడింకొకడు. ఆ రంగు మా ఆయన డబ్బాలోది. బండి లోపల ఏం తిరుగుతోందో తెలియదు కానీ ఏ సంవత్సరం మోడలో, అద్దం ఎన్ని అంగుళాలో, అది మాత్రం కంఠతా వచ్చు. మా షెడ్డుకి దొంగచాటుగా వచ్చేవాళ్ళూ ఈ కోతలరాయుళ్ళలోనే ఉంటారు. పెళ్ళాలతో పోట్లాడి దిగులుగా వచ్చినట్టు వస్తారు, బండి మీద టార్పాలిన్ కప్పి మరీ.

గుమ్మానికి కొత్త బ్యానర్ కట్టారు. "తన్ని లేపిందే బండి" అని ఎర్ర అక్షరాలు. అవి రాసింది మా ఆయనే. ఆయన చేత రాయించుకుని, దాని కిందే ఆయన్ని గెంటడానికి కుర్చీలు వేశారు.

బల్ల దగ్గర మా తమ్ముడు ప్రయిత్నో కాగితాలు సర్దుతున్నాడు. వీడు సంఘం కార్యదర్శి, తాలూకా ఆఫీసులో గుమాస్తా. చేతిలో ఫైలు ఉన్నంతసేపే వీడికి వెన్నెముక ఉంటుంది.

"ఏముందిరా అందులో?" అన్నాను.

"సభ మొదలయ్యాక చదువుతాం, లస్మిని గారూ."

వీడి ముక్కు తుడిచి బడికి తీసుకెళ్ళింది నేను. "గారు ఎప్పటి నుంచిరా?" అన్నాను.

"ఇది సంఘం పని అక్కా, ఇంటి పని కాదు" అని ఫైలు మూశాడు. మూసేలోగానే చూశాను. మూడో అంశం, సభ్యుడు నంబరు మూడు తొలగింపు.

హెందార్తో కాఫీ కెటిల్ దగ్గర ఉన్నాడు. టైల్స్ దుకాణం మనిషి, యాభై ఎనిమిదేళ్ళు, మీసానికి నల్ల రంగు, చేతులకి వేళ్ళు కత్తిరించిన తోలు తొడుగులు. ఆ తొడుగులు ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. తిన్నగా వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"కాగితం సొరుగులో ఉంటుందన్నారు."

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు, మర్యాదకి నా పేరు ముందు బు కూడా తగిలించి. "సభ్యుల ఒత్తిడి, బు లస్మిని. నేనేం చెయ్యను? నా చేతుల్లో ఏం లేదు."

"మీ చేతుల్లో ఏముందో నాకు తెలుసు. అక్కడ పెట్టింది నేనే."

నవ్వాడు. కాఫీ ఊదుకుంటూ తాపీగా నవ్వాడు. "నువ్వు మాట మీద నిలబడే మనిషివి. ఊళ్ళో అందరికీ తెలుసు. అందుకే కదా నీ దగ్గరికొచ్చాను."

తన మాట గాలికి వదిలేసి నా మాటని మెచ్చుకుంటున్నాడు. ఒళ్ళు మండిపోయింది. ఇరవై రోజుల కిందటి దాకా ఇతను బండిని తొమ్మిదిసార్లు తన్ని, నడుం పట్టుకుని కాలిబాట మీద కూలబడేవాడు. అప్పుడు అతనికి మా ఆయనంటే కాస్త జాలి కూడా ఉండేది. ఇప్పుడు ఒక్క తన్నుకే లేస్తోంది కాబట్టి ఆ జాలితో అతనికి పని లేకుండా పోయింది.

సభ మొదలైంది. మా ఆయన ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కుడికాలు చాచుకుని, చేతికర్ర పక్కన పెట్టుకున్నారు. ఇస్త్రీ చొక్కా. జేబు మీద మూడో నంబరు బిళ్ళ. పొద్దున దాన్ని చింతపండుతో తోమి మరీ పెట్టుకున్నారు. ఆయనకి ఏం జరగబోతోందో తెలుసు. సంఘం వాళ్ళు మూడు వారాల కిందటే ఇంటికి నోటీసు పంపారు. "వెళ్ళి బతిమాలనా?" అని నేను అప్పుడు అడిగితే, "నా కోసం ఎవరినీ ఏమీ అడగొద్దు. ఉంచితే ఉంటాను, పొమ్మంటే పోతాను" అన్నారు. ఆ మాట విన్న మర్నాడే హెందార్తో నా షెడ్డుకి వచ్చాడు.

ప్రయిత్నో లేచి చదివాడు. "నియమావళి నాలుగో అంశానికి విరుద్ధంగా, సభ్యుడు తన వాహనమునకు విద్యుత్ సహాయమున ప్రారంభమగు పరికరమును అమర్చుకొని, సంఘ ప్రతిష్ఠకు భంగము కలిగించినందున..." సొంత బావ గురించి చదువుతున్నాడు. గొంతు ఎక్కడా తడబడలేదు. కళ్ళు మాత్రం కాగితం దాటి పైకి రాలేదు.

"ఏమైనా చెప్పుకుంటావా సామ్?" అన్నాడు హెందార్తో. మా ఊళ్ళో మాటల్ని తిరగేసి పలకడం అలవాటు, అన్నని పిలిచే మాస్ అన్న మాటే తిరగబడి సామ్ అయింది. అంత ఆప్యాయమైన పిలుపు ఆ నోట్లోంచి వస్తుంటే నాకు వెగటు పుట్టింది.

మా ఆయన కూర్చునే మాట్లాడారు. "ముప్పై ఏళ్ళు కాలితో తన్నాను సామ్. కాలు పోయాక బటన్ పెట్టించుకున్నాను. అదిగో, హ్యాండిల్ మీద, ఎర్రగా, నలుగురికీ కనబడేట్టు. నేనేం దాచలేదు. ఇంతకన్నా చెప్పుకునేది లేదు."

"దాచలేదు, ఒప్పుకుంటాను. కానీ ఇవాళ మోకాలు పోయిందని బటన్, రేపు జలుబు చేసిందని బటన్. ఇది స్కూటర్ల సంఘమా, మిక్సీల సంఘమా?"

నవ్వారు. మెంజెస్ నమిలే నోళ్ళతోనే నవ్వారు. మా ఆయన కూడా చిన్నగా నవ్వారు. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

చేతులెత్తమన్నాడు. పందొమ్మిది చేతులు లేచాయి. మా తమ్ముడి చెయ్యి అందరికన్నా ఆఖరున లేచింది, అదీ చెవి దాకానే. గోక్కోవడానికి ఎత్తానని తర్వాత చెప్పుకోవచ్చుగా.

అక్కడితో ఆపి ఉంటే హెందార్తో గెలిచి ఇంటికి వెళ్ళేవాడు. కానీ ఆ మనిషికి గెలుపు చాలదు, చప్పట్లు కావాలి. మైకు మళ్ళీ అందుకున్నాడు. "మేం కసాయివాళ్ళం కాదు. సామ్ కుంచోరోకి ఆఖరి అవకాశం ఇద్దాం. మూడు తన్నుల్లో తన బండిని లేపమనండి. లేస్తే ఈ కాగితం ఇక్కడే చించేస్తాను."

మడత పడని కాలితో. ఆవరణలో ఎవరూ "అదేం మాట" అనలేదు. ఒకడు ఫోన్ తీసి వీడియోకి సిద్ధమయ్యాడు.

"ముందు నేను చూపిస్తాను. ఎలా లేపాలో మర్చిపోయి ఉంటాడు పాపం" అన్నాడు హెందార్తో. నలుగురి చేత వాళ్ళ బళ్ళు స్టార్ట్ చేయించి, గౌరవ వందనం అని పేరు పెట్టి వాటిని అలాగే రొద పెట్టనిచ్చాడు. ఎందుకో నాకు తెలుసు. సెల్ఫ్ మోటార్ కూత వినబడకుండా ఉండటానికి. ఆ ఉపాయం కూడా అతనిది కాదు, ఎక్కడైనా జనం ముందు స్టార్ట్ చేయాల్సి వస్తే పక్కన చప్పుడు ఉండేలా చూసుకోమని నేనే చెప్పాను.

ఇప్పుడు ఒక సంగతి ఒప్పుకోవాలి. అతని బటన్‌ని నేను ఎడమ చేతి పిడి దగ్గర, క్లచ్ లివర్ కింద, తోలు ముక్క వెనక పెట్టాను. "ఒక్క చూపుడు వేలితో నొక్కండి. మిగతా వేళ్ళు లివర్ మీద పడకూడదు" అని హెచ్చరించాను. సీటు కిందా చోటుంది, పెట్రోలు ట్యాప్ పక్కనా ఉంది. అవన్నీ కాదని అక్కడే పెట్టాను. హెందార్తో మాట మీద నాకు నమ్మకం లేదు. నేను నోరు విప్పనని మాటిచ్చాను, అతని చెయ్యి నోరు విప్పదని ఇవ్వలేదు.

ఎందుకంటే వెస్పాలో కిక్కు నేరుగా ఇంజన్‌కి పోదు, క్లచ్ మీదుగా పోతుంది. క్లచ్ పట్టుకుని కిక్ కొడితే చెయిన్ ఊడిన సైకిల్ తొక్కినట్టే, కాలు ఊరికే కిందికి జారుతుంది, ఇంజన్‌లో ఏదీ కదలదు. అలా కొట్టి బండి లేపడం ఎవరి వల్లా కాదు. ఇది వెస్పా కొన్న మొదటి వారంలోనే ఎవరికైనా తెలిసిపోతుంది. సెల్ఫ్‌కి మాత్రం క్లచ్ పట్టుకున్నా పట్టుకోకపోయినా ఒకటే.

హెందార్తో బండి పక్కన నిలబడి, దాన్ని ఒకసారి పక్కకి వంచి, నిలబెట్టాడు. తోలు తొడుగులు సర్దుకున్నాడు. జనం వైపు చూశాడు. జనం చూస్తుంటే మనిషికి వేళ్ళు లెక్కలో ఉండవు. ఎడమ చేతి నాలుగు వేళ్ళూ బిగించి, లివర్ మొత్తం లోపలికి లాగేసి, కుడికాలితో హుందాగా ఒక్క తన్ను తన్నాడు.

బండి లేచింది.

చప్పట్లు కొట్టారు. ఇరవై ఏళ్ళుగా వెస్పాలు తోలుతున్నవాళ్ళు, నట్టుతో సహా ఒరిజినల్ అనేవాళ్ళు, కళ్ళ ముందు క్లచ్ పట్టుకుని కిక్ కొట్టి బండి లేపితే చప్పట్లు కొట్టారు. ఒక్కడికీ అనుమానం రాలేదు. నవ్వు ఆపుకోలేక నేను కొంగు నోట్లో కుక్కుకుందును, నాకున్నది స్కార్ఫ్ ముక్క కాబట్టి ఊరుకున్నాను. అప్పుడు మా ఆయన వైపు చూశాను.

ఆయన చూపు హెందార్తో కాలి మీద లేదు. ఎడమ చేతి మీద ఉంది.

హెందార్తో తాళం తిప్పి ఇంజన్ ఆపి, "రా సామ్, నీ వంతు" అన్నాడు. మా ఆయన కర్ర అందుకుని లేచారు. లేవడానికి ఆయనకి సమయం పడుతుంది. ఫోన్ పట్టుకున్నవాడు దగ్గరికి వచ్చాడు. ఆయన తన బండి దగ్గరికి వెళ్ళలేదు. హెందార్తో బండి దగ్గరికి వెళ్ళారు.

"నీ బండి అటుంది" అన్నాడు హెందార్తో.

"తెలుసు. ఒక్క నిమిషం." కర్రని సీటుకి ఆనించారు. "ఆ నాలుగు బళ్ళూ ఆపండయ్యా, చెవులు పోతున్నాయి."

ఆపారు. ఆవరణ ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. మా ఆయన ఎడమ చేత్తో క్లచ్ లివర్ కొసని పట్టుకుని లోపలికి లాగారు. కుడి అరచేతిని కిక్ రాడ్ మీద పెట్టి కిందికి నొక్కారు. కాలితో కాదు, చేత్తో. అది మెత్తగా నేల దాకా దిగింది, లోపల అడ్డం పెట్టేదేమీ లేనట్టు. మళ్ళీ నొక్కారు. మళ్ళీ దిగింది. తర్వాత క్లచ్ వదిలేసి నొక్కారు. ఈసారి రాడ్ కదల్లేదు.

"చూశారుగా. క్లచ్ పట్టుకుంటే లోపలికి ఏమీ అందదు. మన సామ్ ఇందాక అలాగే పట్టుకుని తన్నాడు. వీడియో తీసిన తమ్ముడూ, ఒకసారి వెనక్కి తిప్పి చూడు."

ఫోన్ చుట్టూ అయిదారు తలలు చేరాయి. అందులో అతని నాలుగు వేళ్ళూ లివర్ మీదే ఉన్నాయి. అదే సమాధానం.

ప్రయిత్నో గొంతు సవరించుకున్నాడు. "క్లచ్ ప్లేట్లు అంటుకుపోయి ఉంటాయి బావా. అంటుకుంటే పట్టుకున్నా లేస్తుంది. చాలాకాలం తియ్యని బళ్ళకి అలా అవుతుంది."

"అంటుకుపోతే ఇప్పుడు నా చేతికి అంత ఖాళీగా ఎందుకు దిగింది ప్రయిత్నో?"

వీడు ఫైలు ఛాతీకి హత్తుకున్నాడు.

హెందార్తో ముఖం ఎర్రబడింది కానీ మనిషి బెదరలేదు. బడాయికి ఉండే బలం అది, నేల కదిలినా బడాయి కదలదు. "అంటే నా బండిలో బటన్ ఉందంటావు. చూపించు. ఎక్కడుంది? వెతుక్కో."

మా ఆయన హ్యాండిల్ చూశారు, సీటు ఎత్తి చూశారు. కనబడలేదు. నా పని కదా, కనబడదు.

"ఈ ఊళ్ళో బటన్లు బిగించేది ఒక్క మీ ఆవిడే. ఆవిడనే అడుగుదాం" అన్నాడు హెందార్తో మైకులో. నా వైపు తిరిగాడు. ముఖంలో భయం లేదు. తన మాట మీద కన్నా నా మాట మీద అతనికి ఎక్కువ నమ్మకం. "చెప్పు బు లస్మిని. అందరి ముందూ చెప్పు. నా బండికి నువ్వేమైనా బిగించావా?"

మా ఆయన నన్ను చూశారు. ఆ చూపులో అనుమానం లేదు, అదే నన్ను చంపింది. నేను లేదంటే నమ్మేస్తారు. నమ్మి, తానే పొరబడ్డానని ఒప్పుకుని, మూడో నంబరు బిళ్ళ తీసిచ్చి వచ్చేస్తారు.

"ఉంది" అన్నాను. "క్లచ్ లివర్ కింద, తోలు ముక్క వెనక. డిక్కీలో బ్యాటరీ. ఫ్లైవీల్ మీద పళ్ళ చక్రం నేనే కోశాను."

వెళ్ళి తోలు ముక్క ఎత్తి చూపించాను. నల్లటి బటన్, వేలిగోరంత. చేతులెత్తిన పందొమ్మిది మందీ మెడలు చాచి దాన్ని చూశారు, వాళ్ళ జన్మలో బటన్ చూడనట్టు.

"మాట తప్పావు" అన్నాడు హెందార్తో. మైకు ఇంకా నోటి దగ్గరే ఉంది. "లేత్ మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టావు. ఛీ. ఇదేనా నీ మాట?"

"నీ మాటేది?" అన్నాను. మర్యాద నా నోట్లోంచి అప్పుడే జారిపోయింది. "సెల్ఫ్ బిగిస్తే మా ఆయన పేరు ముట్టుకోనన్నావు కదా. ఆ మాటేది? మనిషివేనా నువ్వు? పావడా కట్టుకోవాలని ఊరందరికీ చెప్పి, టార్పాలిన్ కింద బండి నెట్టుకుంటూ వచ్చి నా షెడ్డు ముందు నిలబడ్డావు. నీ నడుం నొప్పి నాకు తెలుసు, నొప్పి ఉంటే బటన్ పెట్టించుకో, ఎవరు కాదన్నారు? దాన్ని దాచి, దాచనివాడిని గెంటావు. థూ."

అలా అనేసి, ఇక గెలిచానని ఊపిరి పీల్చుకుని, మా ఆయన వైపు తిరిగాను.

ఆయన ముఖం నేను అనుకున్నట్టు లేదు.

"ఎప్పుడు?" అన్నారు.

"ఇరవై రోజులైంది."

"నోటీసు వచ్చాక."

"అవును."

"నా కోసం ఎవరినీ ఏమీ అడగొద్దని నేను చెప్పాక."

"మర్నాడు" అన్నాను. అబద్ధం చెప్పడం ఎలాగో నాకు అప్పుడు తెలియలేదు.

"అంటే ఇవాళ ఈ కాగితం బయటికి రాకపోయుంటే, నేను నా ముఖం చూసి ఉంచారనుకుని మురిసిపోయేవాణ్ణి. ప్రతి ఆదివారం వీళ్ళ మధ్య కూర్చుని కాఫీ తాగేవాణ్ణి. నువ్వు పక్కన కూర్చుని చూసేదానివి."

"మీరు మళ్ళీ ఆ కుర్చీలో కూర్చుంటే నేను చూడలేనండీ."

"కుర్చీలో నన్ను నేను చూసుకున్నాను లస్మిని. అది నిజం. ఇది అబద్ధం." ఆయన గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచితే నేను తట్టుకునేదాన్ని. "కాలు పోయినప్పుడు నాకు సిగ్గనిపించలేదు. బటన్ నొక్కినప్పుడు అనిపించలేదు. ఇప్పుడనిపిస్తోంది."

జేబు మీది బిళ్ళ తీశారు. హెందార్తోకి ఇవ్వలేదు. నా చేతిలో పెట్టి వేళ్ళు మూశారు.

"ఇంకా ఎంతమందికి దాచిపెట్టావు?"

నా కళ్ళు బళ్ళ వరస మీదికి పోయాయి. ఆయన వరసగా నిలబడ్డ స్కూటర్లని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశారు. ఆ బళ్ళ వెనక నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే సిగరెట్ ఆర్పుకోవడం మొదలుపెట్టారు, కింద ఏదో పడిపోయినట్టు వంగడం మొదలుపెట్టారు.

"చాలామందే అన్నమాట" అన్నారాయన. "అందరి పేర్లూ ఇక్కడే చెప్పి ఇంటికి రా. చెప్పలేకపోతే నీ లేత్ దగ్గరే ఉండు. దాని మీదే కదా ఒట్లు పెట్టింది."

కుంటుకుంటూ తన బండి దగ్గరికి వెళ్ళారు. కర్ర ముందు కొక్కేనికి తగిలించారు. అందరూ చూస్తుండగా ఎర్ర బటన్ నొక్కారు. బండి లేచింది. నేను ఎక్కుతానేమోనని ఆగలేదు, వెనక్కి చూడలేదు, గేటు దాటి రోడ్డెక్కారు.

హెందార్తో మైకు బల్ల మీద పడేసి, తోలు తొడుగులు ఊడబెరుక్కుంటున్నాడు. అతనితో నాకిక పని లేదు. వరసలో ఇంకో ఏడు బళ్ళకి బటన్లు దాచింది నేనే. ఆ ఏడుగురూ ఇందాక చేతులెత్తిన పందొమ్మిది మందిలోనే ఉన్నారు, మా ఆయన్ని మిక్సీ అని నవ్వినవాళ్ళలోనే ఉన్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా మాటిచ్చాను. ఒక్కొక్కరి బండీ ఇంటికి వెళ్ళాక ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను కూడా. వాళ్ళని అసహ్యించుకోవడం నాకు హాయిగా ఉండేది. ఆ అసహ్యంలో నా వాటా ఎంతో ఇవాళ ఆయన ముఖంలో చూశాను.

ప్రయిత్నో ఫైలు వదిలేసి నా దగ్గరికి వచ్చాడు.

"ఇంటికి వెళ్ళిపో అక్కా. బావ కోపంలో అన్నాడు, సాయంత్రానికి చల్లబడతాడు. నీకు దణ్ణం పెడతాను, నా పేరు మాత్రం ఎత్తకు. మా ఆవిడకి తెలిస్తే నా పరువేం కావాలి?"

"మీ ఆవిడకి తెలియకపోవడమేంట్రా? నీకన్నా ముందే నా షెడ్డుకొచ్చి నీ బండికి బటన్ పెట్టమంది ఆవిడే. నీకు రోజూ కిక్ కొట్టిపెట్టలేక విసిగిపోయానంది."

ఆవిడ నా దగ్గరికి వచ్చిందని వాడికి తెలియదు. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల వాడి బండిని రోజూ పొద్దున తన్ని లేపేదని వాళ్ళిద్దరికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. తను వచ్చిన సంగతి ఎవరికీ చెప్పనని ఆ పిల్లకి కూడా నేను మాటిచ్చాను. ఆ మాట కూడా ఇప్పుడు నా నోటితో నేనే పోగొట్టాను.

బల్ల మీది మైకు అందుకున్నాను. ఒకసారి కీచుమంది. మిగిలిన ఇరవై అయిదు బళ్ళ వెనక ఏ ఒక్కడూ కదల్లేదు.

"మొదటి పేరు" అన్నాను, "సంఘం కార్యదర్శి ప్రయిత్నో. నా తమ్ముడు."